కొండ మీద గాయం, కింద ఆసుపత్రి: మధ్య గంటల్లో చేయాల్సిన పని

తొడలో పెద్ద రక్తనాళం తెగితే మనిషి మూడు నాలుగు నిమిషాల్లో పోవచ్చు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండేది సుమారు 5 లీటర్ల రక్తం. అందులో 2 లీటర్లు పోయిందంటే ప్రాణం చెయ్యి జారుతున్నట్టే. మందస కొండల్లోనో, ఎస్.కోట మండలం దారపర్తి వైపో దెబ్బ తగిలితే, 108కి ఫోన్ చేయడానికి సిగ్నల్ దొరికే చోటు వెతుక్కునేలోపే ఆ నిమిషాలు గడిచిపోతాయి. అందుకే మొదటి వైద్యం పక్కనున్నవాళ్లే చేయాలి. ఒక్కోసారి దెబ్బ తిన్న మనిషే తన చేత్తో తానే చేసుకోవాలి.

ఈ ఆలోచన మీద కట్టిన పద్ధతిని సైన్యాల్లో టాక్టికల్ కంబాట్ కాజువాల్టీ కేర్ (పోరు మధ్యలో గాయపడ్డవాళ్లకి చేసే వైద్యం) అంటారు. 1996లో అమెరికా నౌకాదళ వైద్యుడు ఫ్రాంక్ బట్లర్, ఆయన సహచరులు దీన్ని ప్రచురించారు. వియత్నాం యుద్ధం లెక్కలు తిరగేస్తే మూడు కారణాలు పైకి తేలాయి: కాళ్లూ చేతుల నుంచి రక్తం పోవడం, ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తిని నొక్కేయడం, గొంతు దారి మూసుకుపోవడం. మూడింటికీ అక్కడికక్కడే చేయగల పనులున్నాయి. తర్వాత 2001 నుంచి 2011 వరకు అమెరికా సైన్యం తన 4,596 యుద్ధ మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించింది. వాళ్లలో 87 శాతం మంది ఆసుపత్రి గుమ్మం చేరకముందే పోయారు. అలా పోయినవాళ్లలో దాదాపు నాలుగోవంతు మంది బతికే వీలున్నవాళ్లు. ఆ నాలుగోవంతులో పదింట తొమ్మిది మరణాలు రక్తస్రావం వల్లే.

మనది ఆంధ్రా-ఒడిశా సరిహద్దు. కూంబింగ్, మందుపాతర అన్న మాటలు ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. 2017 ఫిబ్రవరి 1న, సాలూరు నుంచి కోరాపుట్ వెళ్లే దారిలో సుంకి దగ్గర ఒడిశా పోలీసుల వాహనాన్ని మందుపాతరతో పేల్చారు. తుపాకీ, బాంబు లేకపోయినా, దెబ్బ కొట్టిన ప్రమాదం ఇంకా అక్కడే పొంచి ఉండే చోట్లు మనకి చాలా ఉన్నాయి. ఉద్దానం జీడితోటలో ఎలుగుబంటి పక్క పొదలోనే ఉండొచ్చు. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీలో ఇంకో బండ జారడానికి సిద్ధంగా ఉండొచ్చు. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నప్పుడు చీకట్లో, నుజ్జయిన బోగీల మధ్య నుంచి మనుషుల్ని తీయాల్సి వచ్చింది. పోలీసులతో పాటు ఫారెస్టు సిబ్బందికి, క్వారీ మేస్త్రీలకి, ఆశా కార్యకర్తలకి, కొండ ఊళ్ల కుర్రాళ్లకి ఇదంతా పనికొస్తుంది.

శిక్షణల్లో మొదటి మూడు నిమిషాల గురించి బాగానే చెబుతున్నారు. కట్టు ఎలా కట్టాలో చూపిస్తున్నారు, అందరి చేతా ఒకసారి కట్టిస్తున్నారు. ఆ తర్వాత మూడు గంటల సంగతి చెప్పేవాళ్లు తక్కువ. హెలికాప్టరు త్వరగా వస్తుందనుకున్న చోట కట్టు కట్టి ఎదురుచూస్తే సరిపోతుంది. మన దగ్గర డోలీ కట్టాలి, గెడ్డలు దాటాలి, తారు రోడ్డు చేరాలి, అక్కడి నుంచి అంబులెన్సులో పార్వతీపురమో, పాలకొండో, టెక్కలో, శ్రీకాకుళం రిమ్సో వెళ్లాలి. ఆపిన రక్తం దారి పొడవునా ఆగే ఉండాలి. అందుకే ఆ సగం గురించే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

ముందు కాల్పుల మధ్య ఏం చేయాలో. అప్పుడు వైద్యం దాదాపు ఏమీ ఉండదు. ఎదురుకాల్పులు జరపడం, చాటుకి చేరడం, వీలైతే గాయపడ్డ మనిషినే కదలమనడం. "తమ్ముడూ, బండ వెనక్కి పాకు, టోర్నికే కట్టుకో" అని అరవడం కూడా వైద్యమే. టోర్నికే అంటే రక్తం ఆపడానికి కాలికో చేతికో బిగించే పట్టీ. ఆ దశలో టోర్నికే తప్ప మరో పనికి చేతులు పెట్టకూడదు. బట్టల మీదే, తొడ మొదట్లోనో భుజం కిందో, ఎంత పైకి వీలైతే అంత పైన బిగించేయాలి. గాయం ఎక్కడుందో వెతుక్కునే తీరిక ఉండదు. నోట్లో ట్యూబులు, ఛాతీ నొక్కడాలు అక్కడ పనికిరావు. వాటి కోసం ఇంకో మనిషి బయటికొస్తే మోయాల్సినవాళ్లు ఇద్దరవుతారు. తల దిమ్మెక్కి మాట తడబడుతున్న సహచరుడి దగ్గర నుంచి తుపాకీ, గ్రెనేడ్లు, వైర్‌లెస్ సెట్టు వెంటనే తీసుకోవాలి. రక్తం తగ్గిన మెదడు ఎవరు ఎవరో పోల్చుకోలేదు.

పేలుడు జరిగిన చోట రెండో పేలుడు పదార్థం ఉందనే అనుకోవాలి. ఆదుకోవడానికి మనుషులు గుమిగూడే చోటే రెండోది పెడతారు. ఆగిన చోట ముందు చుట్టూ 5 మీటర్లు కళ్లతో గాలించి, తర్వాత 25 మీటర్ల వరకు చూడాలి. కొత్తగా తవ్విన మన్ను, వైరు ముక్క, చోటు మారినట్టున్న రాయి కనిపిస్తే అక్కడ ఆగొద్దు.

చాటుకి చేరాక పని వరుస మారుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో దాన్ని మార్చ్ (MARCH) అని గుర్తుపెట్టుకుంటారు: పెద్ద రక్తస్రావం, ఊపిరి దారి, ఛాతీ, రక్త ప్రసరణ, ఆఖరున ఒంటి వేడి, తల దెబ్బ. ఆసుపత్రుల్లో చాలాకాలం ఊపిరి దారినే మొదట చూసేవారు. ఇక్కడ రక్తం ముందుకొచ్చింది. ధమని తెగిన మనిషికి నోట్లో ట్యూబు పెట్టేంత సేపు బతికే వ్యవధి ఉండకపోవచ్చు కాబట్టి.

ఏ రక్తస్రావం ప్రాణాంతకం? రక్తం చిమ్ముతున్నా, నేల మీద మడుగు కడుతున్నా, బట్టలు తడిసి కారుతున్నా, వేసిన కట్టు వేసినట్టే తడుస్తున్నా, కాలో చెయ్యో తెగిపోయినా ఆలోచించకుండా టోర్నికే వేయాలి. ముందు బాగా కారి ఇప్పుడు ఆగినట్టు కనిపిస్తూ మనిషి మగతగా, చల్లగా అయిపోతున్నా వేయాల్సిందే. అది ఆగడం కాదు, కారడానికి ఒత్తిడి లేకపోవడం.

సైన్యాల్లో వాడే టోర్నికే ఒకటిన్నర అంగుళం వెడల్పున్న పట్టీ, బిగించడానికి ఒక కడ్డీ, ఆ కడ్డీని పట్టి ఉంచే కొక్కెం. చాటున ఉన్నప్పుడు బట్ట కత్తిరించి, నేరుగా చర్మం మీద, గాయానికి 2 నుంచి 3 అంగుళాల పైన కట్టాలి. మోకాలి మీదా, మోచేతి మీదా కట్టకూడదు. జేబులో ఫోను, తాళాలు, తూటాల మ్యాగజైను ఉంటే ముందు తీసేయాలి. అవి కింద ఉంటే పట్టీ సమంగా నొక్కదు. పిక్క మీద, ముంజేతి మీద రెండేసి ఎముకలు ఉంటాయి కాబట్టి అక్కడ టోర్నికే పనిచేయదనే మాట వినిపిస్తుంటుంది. పనిచేస్తుంది.

ఎక్కువగా తప్పు జరిగేది కడ్డీ తిప్పే ముందే. పట్టీని చేత్తో లాగినప్పుడే దాని కిందికి వేలి కొసలు దూరనంత బిగువు రావాలి. ఆ బిగువు ఉంటే కడ్డీ మూడు తిప్పుల లోపే రక్తం ఆగుతుంది. మూడు దాటి నాలుగు, అయిదు తిప్పాల్సి వస్తోందంటే పట్టీ వదులుగా ఉందని అర్థం. అలాగే తిప్పుకుంటూ పోతే పట్టీ ముడతలు పడి చర్మాన్ని నొక్కేస్తుంది, కడ్డీ వంగుతుంది, రక్తం మాత్రం ఆగదు. విప్పి, లాగి, మళ్లీ తిప్పండి. రక్తం ఆగాక మణికట్టు దగ్గరో, పాదం పైభాగానో నాడి చూడండి. నాడి ఇంకా కొడుతుంటే పని సగమే అయింది. ఇంకో అర తిప్పు బిగించాలి, లేదా మొదటి దానికి పైన, ఆనుకునేలా రెండోది కట్టాలి. లావు తొడలకి రెండు పట్టడం మామూలే.

సగం బిగువు టోర్నికే అసలు లేనిదానికన్నా చేటు. ధమనులు లోతుగా, గట్టిగా ఉంటాయి, సిరలు పైపైన, మెత్తగా ఉంటాయి. వదులు కట్టు సిరల్ని మూసేసి ధమనుల్ని వదిలేస్తుంది. కాలిలోకి రక్తం వస్తూనే ఉంటుంది, వెనక్కి పోయే దారి ఉండదు, గాయంలోంచి ముందుకన్నా ఎక్కువ కారుతుంది. సరిగ్గా బిగిస్తే మాత్రం విపరీతమైన నొప్పి పుడుతుంది, మనిషి విప్పమని బతిమాలతాడు. అతనితో మాట్లాడండి, ధైర్యం చెప్పండి, పట్టీ జోలికి మాత్రం పోకండి. కట్టిన టైము మార్కరు పెన్నుతో పట్టీ మీద రాయండి. గడియారం చూసి రాయాలి, అటూఇటూగా వేయకూడదు. రెండు గంటల తర్వాత తీసుకోబోయే నిర్ణయమంతా ఆ అంకె మీదే ఆధారపడుతుంది.

టోర్నికే లేకపోతే? లుంగీ, కండువా, చీర కొంగు దేన్నయినా 2 అంగుళాల వెడల్పు పట్టీగా మడవండి. తాడు, వైరు, నైలాను త్రాడు వద్దు, అవి కండని కోసేస్తాయి. నడుం బెల్టు మరీ బిరుసు, మెలి తిరగదు. పట్టీని చుట్టి సగం ముడి వేసి, దాని మీద జానెడు పొడవు, బొటనవేలి మందం ఉన్న గట్టి కర్ర పెట్టి, పైన పూర్తి ముడి వేసి తిప్పాలి. పెన్నులు, ఎండు పుల్లలు మధ్యలో విరిగిపోతాయి. ఆగాక కర్ర వెనక్కి తిరగకుండా ఇంకో గుడ్డముక్కతో కాలికి కట్టేయాలి. కర్ర లేకుండా ఉత్త గుడ్డని ఎంత బలంగా ముడేసినా తొడ ధమని ఆగదు. బలమంతా ఆ కర్రదే. ఇలా చేసిన కట్టు నడకలో జారుతుంది, అందుకే దాన్ని ఇంకా తరచుగా చూస్తూ ఉండాలి.

ఒక పాత నమ్మకం గురించి గట్టిగా చెప్పాలి. "పావుగంటకోసారి కట్టు వదులు చేసి కాలికి రక్తం వదలాలి" అని పాత ఫస్ట్ ఎయిడ్ పాఠాల్లో చదువుకున్నవాళ్లు ఇప్పటికీ అలాగే చేస్తున్నారు. దయచేసి మానేయండి. వదులు చేసిన ప్రతిసారీ కొంత రక్తం పోతుంది, అప్పుడే కట్టుకుంటున్న గడ్డ కొట్టుకుపోతుంది. మూడు గంటల డోలీ ప్రయాణంలో పన్నెండుసార్లు వదులు చేస్తే, ఒక్కోసారి వంద మిల్లీలీటర్లు పోయినా లీటరు దాటిపోతుంది. ఆ మనిషి ఆసుపత్రికి కాలితో వస్తాడు, ప్రాణంతో రాడు. ఇంకో మాట: పాము కాటుకి టోర్నికే వేయకండి. కాలు పైన తాడు బిగించడం మన పల్లెల్లో ఇంకా ఉంది, దానివల్ల కాలు పోయే ప్రమాదమే తప్ప ఉపయోగం లేదు. అక్కడ కావాల్సింది కదలకుండా పడుకోబెట్టి విషవిరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చడం.

గజ్జల్లో, చంకలో, మెడ మొదట్లో టోర్నికే పట్టదు. అక్కడ గాయం లోపలికి గాజు గుడ్డ (గాయాలకి వాడే పల్చటి నూలు గుడ్డ, ఇంగ్లీషులో గాజ్) కూరాలి. పైన పెట్టి కట్టేస్తే చాలదు, లోపలికి కూరాలి. ముందు నిలిచిన రక్తాన్ని గుడ్డతో తుడిచి, ఏ మూల నుంచి ఊరుతోందో చూడండి. గాజు కొసని వేలితో సరిగ్గా ఆ మూలకి నొక్కండి. ఆ వేలు తీయకముందే రెండో చేతి వేలితో తర్వాతి మడత తోయాలి. ఇలా ఒక వేలు ఎప్పుడూ రక్తనాళం మీద నొక్కి ఉండగానే గాయం అడుగు నుంచి పైకి నిండుతూ రావాలి. చర్మం కన్నా ఒకటి రెండు అంగుళాలు ఎత్తుకి గుడ్డ పేరుకున్నాక, దాని మీద రెండు చేతులూ పెట్టి ఒంటి బరువంతా వేసి నొక్కాలి. రక్తం గడ్డకట్టించే మందు ఉన్న గాజయితే 3 నిమిషాలు, మామూలు గాజయితే కనీసం 10 నిమిషాలు. మధ్యలో ఎత్తి చూడొద్దు. పది నిమిషాలు అంత బలంగా నొక్కి ఉంచడం ఒక్కరి వల్ల కాదు, గజ్జల్లో అయితే మోకాలు ఆనించి బరువు వేయొచ్చు. తర్వాత ఆ బిగువు తగ్గకుండా పైన క్రేప్ బ్యాండేజీ చుట్టేయాలి.

మందు గాజుల్లో రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి కయోలిన్ అనే తెల్లబంకమట్టితో చేసింది. రెండోది రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్‌తో చేసింది, మన దేశంలోనూ తయారవుతోంది. ఏదీ లేకపోతే శుభ్రమైన పంచె ముక్కలైనా వాడొచ్చు. ఇన్ఫెక్షన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. పసుపు, కాఫీ పొడి, బూడిద మాత్రం వద్దు. అవి ధమనిని ఆపవు, సర్జను ఆ గాయం కడుగుతూ గంట పోగొట్టుకుంటాడు.

ఛాతీలో, పొట్టలో గుడ్డ కూరకూడదు. లోపలి రక్తస్రావానికి కొండ మీద చేయగల వైద్యం లేదు, ఆపరేషన్ ఒక్కటే దారి. అలాంటి మనిషి దగ్గర కట్ల మీద కట్లు కడుతూ కూర్చుంటే అతని కాలం మనం తింటున్నట్టే. పేగులు బయటికొస్తే లోపలికి తోయకుండా తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ కవరు వేసి, మోకాళ్లు కొద్దిగా మడిచి మోయండి. క్వారీలో ఎత్తు నుంచి పడ్డా, పేలుడులో కాళ్లు పోయినా తుంటి ఎముకలు విరిగి ఉంటాయని అనుమానించాలి. దుప్పటిని మడిచి, తొడ ఎముక పక్కకి పొడుచుకొచ్చే ఎత్తులో చుట్టి బిగించాలి. నడుం దగ్గర కడితే ఉపయోగం లేదు.

ఊపిరి దారి విషయంలో ఎలుగుబంటి గాయాలు మంచి పాఠం. ఎలుగు ఎక్కువగా మొహాన్ని, తలని పట్టుకుంటుంది. దవడ చీలి, నోట్లోంచి రక్తం కారుతున్న మనిషిని జాలితో వెల్లకిలా పడుకోబెడతారు. అతను లేవాలని పెనుగులాడితే ఇద్దరు భుజాలు పట్టి అదిమి ఉంచుతారు. ఆ పెనుగులాట ఊపిరి కోసం. తెలివిలో ఉంటే ముందుకి వంగి కూర్చోనివ్వండి, రక్తం బయటికి కారిపోతుంది. తెలివి లేకపోతే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి గడ్డం పైకెత్తి ఉంచండి. ముక్కులో పెట్టే మెత్తటి ట్యూబు ఉంటే జెల్ రాసి, ముక్కు దూలం వైపుకి కాకుండా మొహానికి నిట్టనిలువుగా, నెమ్మదిగా తోయాలి. ముక్కులోంచి, చెవిలోంచి నీళ్లలాంటి ద్రవం కారుతుంటే పెట్టకూడదు, కపాలం అడుగు చిట్లి ఉండొచ్చు. తల చర్మం చీలితే రక్తం భయపెట్టేంత పోతుంది, అయితే కిందనే ఎముక ఉంది కాబట్టి నొక్కితే ఆగుతుంది.

ఛాతీకి తూటాయో, ఇనుప ముక్కో తగిలితే కంత మూయాలి. గాలి బయటికి పోయే కవాటమున్న అతుకు సీలు మేలు. అది లేకపోతే సెలైను ప్యాకెట్ కవరైనా సరే. చెమట, రక్తం పూర్తిగా తుడిచాకే అంటించండి, ఈ ఉక్కలో తడి చర్మం మీద ఏ టేపూ నిలవదు. అంటించాక వదిలేయకండి. మూసిన కాసేపటికి ఊపిరి ఇంకా కష్టమవుతుంటే లోపల గాలి బిగుస్తోందని అర్థం, సీలు ఒక అంచు ఎత్తి గాలి పోనిచ్చి మళ్లీ మూయాలి. చంకల్లోకి, వీపు మీదికి చెయ్యి పోనిచ్చి రెండో కంత కోసం తప్పకుండా వెతకండి.

అప్పటికీ ఊపిరి ఆడక, నాడి అందక మునిగిపోతుంటే శిక్షణ పొందినవాళ్లు సూది పెట్టాలి: 14 లేదా 10 గేజి మందం, 8 సెంటీమీటర్ల పొడవు, చంక ముందు గీత మీద అయిదో పక్కటెముకల సందులో, కింది ఎముక పై అంచుని ఆనుకుని. ఎముక కింది అంచున రక్తనాళాలు ఉంటాయి కాబట్టి అటు పోకూడదు. పూర్తిగా లోపలికి దించి 5 నుంచి 10 సెకన్లు ఆగి, సూది తీసి గొట్టాన్ని ఉంచేయాలి. పీహెచ్‌సీలో దొరికే నారింజ రంగు ఐవీ క్యాన్యులా కూడా 14 గేజే. కానీ దాని పొడవు 5 సెంటీమీటర్లకి అటూఇటూ ఉంటుంది, కండ పట్టిన ఛాతీలో లోపలి దాకా చేరకపోవచ్చు. సూది పెట్టాం కదా, ఏమీ మారలేదు కాబట్టి గాలి లేదనుకోవడం అక్కడ జరిగే పొరపాటు.

ఇక రక్తం పోయిన మనిషికి సెలైను. బాటిల్ మీద బాటిల్ ఎక్కించే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. సెలైను ఆక్సిజన్ మోయదు, గడ్డ కట్టించదు. ఉన్న రక్తాన్ని పలచన చేస్తుంది, ఒత్తిడి పెంచి కట్టుకున్న గడ్డని ఊడగొడుతుంది. మణికట్టు దగ్గర నాడి తెలుస్తూ, మనిషి సరిగ్గా మాట్లాడుతుంటే ఏమీ ఎక్కించనక్కర్లేదు. షాక్‌లో (రక్తం తగ్గి ఒంటికి సరిపడా అందని స్థితిలో) ఉన్నవాళ్లకి కావాల్సింది రక్తం. అది అందేదాకా పై బీపీ 100 దగ్గర నిలిస్తే చాలు. తల దెబ్బ ఉంటే మాత్రం 100కి తగ్గనివ్వకూడదు, 110 దాకా ఉంచితే మంచిది. తెలివి ఉండి, మింగగలిగి, షాక్‌లో లేని మనిషికి దూర ప్రయాణంలో గుక్కెడు నీళ్లు ఇవ్వొచ్చు.

కొండ కింద పీహెచ్‌సీ చేయగల ఒక పెద్ద సాయం ఉంది, అది చాలామంది దృష్టికి రాదు. కాన్పు తర్వాత రక్తస్రావానికి వాడే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షనే గాయాల రక్తస్రావానికీ పనిచేస్తుంది. 2010లో వెలువడిన క్రాష్-2 అధ్యయనం 20,211 మంది గాయపడ్డవాళ్ల మీద దీన్ని పరీక్షించింది. 3 గంటల లోపు ఇస్తే ప్రాణాలు నిలిచాయి. 3 గంటలు దాటాక ఇచ్చినవాళ్లలో రక్తస్రావ మరణాలు పెరిగాయి. ఆంపూల్ సాధారణంగా 500 మిల్లీగ్రాములు. ఆ అధ్యయనంలో ఇచ్చిన మోతాదు 1 గ్రాము, అంటే రెండు ఆంపూళ్లు, 10 నిమిషాల్లో నరానికి. తర్వాత 8 గంటల్లో ఇంకో గ్రాము. సైనిక పద్ధతిలో ఇప్పుడు 2 గ్రాములు ఒకేసారి, నెమ్మదిగా ఇస్తున్నారు. గబుక్కున తోస్తే బీపీ పడిపోతుంది. డోలీ దిగేసరికే రెండున్నర గంటలైతే, ఆసుపత్రి దాకా ఆగకుండా దారిలోని పీహెచ్‌సీలోనే డాక్టరుతో ఇది ఇప్పించాలి. గాయమైన టైము రాసి ఉండటం ఇక్కడా అక్కరకొస్తుంది.

నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ వెంటనే డైక్లోఫెనాక్ సూది వేస్తారు. రక్తం పోతున్న మనిషికి అది వద్దు, యాస్పిరిన్ అసలు వద్దు. రెండూ గడ్డకట్టడాన్ని దెబ్బతీస్తాయి. మింగగలిగితే పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములవి రెండు బిళ్లలు వేయండి. బలమైన నొప్పికి కీటమిన్ లాంటివి తెలిసిన వైద్య సిబ్బంది చేతిలోనే ఉండాలి.

చలి సంగతికి వస్తే, మే నెల ఎండలో కూడా రక్తం పోయిన ఒళ్లు చల్లబడుతుంది. వేడి పుట్టించే శక్తి రక్తంతోపాటే పోతుంది. ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి దిగితే రక్తం గడ్డకట్టే పని మందగిస్తుంది, గడ్డకట్టకపోతే ఇంకా కారుతుంది, కారిన కొద్దీ ఇంకా చల్లబడుతుంది. వానాకాలం సీతంపేట కొండల్లో గెడ్డ దాటి తడి బట్టలతో మూడు గంటలు మోస్తే, సరిగ్గా కట్టిన టోర్నికే కూడా మనిషిని కాపాడలేకపోవచ్చు. తడి బట్టలు కత్తిరించి తీసేయండి. దుప్పటి పైన కప్పడం అందరికీ తోస్తుంది. కింద వేయాలని తోచదు. డోలీ గుడ్డ పల్చన, వీపు కింద గాలి ఆడుతూనే ఉంటుంది. ముందు టార్పాలిన్, దాని మీద మందపాటి దుప్పటి, మనిషి, మళ్లీ దుప్పటి, ఆ టార్పాలిన్ అంచులే పైకి తెచ్చి చుట్టడం: ఈ వరుసలో కట్టండి. తలకి తువ్వాలు చుట్టండి. టోర్నికే ఉన్న కాలు మాత్రం విప్పి చూసుకునేలా మడత పైన ఉండాలి. కప్పేసిన దుప్పటి కింద మళ్లీ మొదలైన రక్తం ఎవరికీ కనిపించదు.

ఒంటి కర్ర డోలీ మనిషిని మధ్యలో మడిచేస్తుంది. కాలి గాయానికి పర్వాలేదు గాని ఛాతీ, తుంటి, వెన్ను గాయాలకి అది చేటు. రెండు వెదురు బొంగులు, రెండు మూడు గోనె సంచులు ఉంటే చాలు. సంచుల అడుగు మూలలు రెండూ కోసి, బొంగులు వాటిలోంచి దూర్చితే గట్టి స్ట్రెచరవుతుంది. ముందు బరువైన ఆరోగ్యవంతుణ్ణి పడుకోబెట్టి ఎత్తి చూడండి. దిగేటప్పుడు కాళ్లు ముందు, ఎక్కేటప్పుడు తల ముందు ఉండేలా మోయండి. మోసేవాళ్లు నలుగురు, మార్చుకోవడానికి ఇంకో నలుగురు, చేతులు ఖాళీగా గాయాన్నే చూస్తూ నడిచేందుకు ఒకరు. ఆ ఒక్కరి చేతికి మూట కూడా ఇవ్వకండి.

ఎత్తగానే ఒకసారి, దించగానే ఒకసారి టోర్నికే చూడాలి. కుదుపులకి కట్లు సడలేది అప్పుడే. ప్రయాణం రెండు గంటలు దాటేలా ఉంటే, రెండు గంటల లోపే టోర్నికే బదులు కూరిన గాజు, బిగువు కట్టు నిలుస్తుందేమో శిక్షణ ఉన్నవాళ్లు చూడాలి. దీనికి మూడు షరతులు: మనిషి షాక్‌లో ఉండకూడదు, గాయాన్ని కళ్లారా చూస్తూ ఉండగలగాలి, అది తెగిపోయిన కాలో చెయ్యో కాకూడదు. ముందు గాయాన్ని పూర్తిగా కూరి, పైన కట్టు కట్టి, అప్పుడు కడ్డీని ఒక నిమిషంపాటు కొద్దికొద్దిగా వదలాలి. రక్తం రాకపోతే టోర్నికేని తీసేయకుండా అక్కడే వదులుగా ఉంచాలి. మళ్లీ ఊరితే మళ్లీ బిగించేయాలి, ఇక పదేపదే విప్పి చూడకూడదు. పావుగంటకోసారి వదలడానికీ దీనికీ తేడా ఇదే: గాయానికి వేరే ఆధారం కట్టిన తర్వాతే ఇక్కడ వదులుతున్నాం. ఆరు గంటలు దాటిన టోర్నికేని దారిలో ముట్టుకోవద్దు. చచ్చుబడిన కండలో పేరుకున్న పొటాషియం ఒక్కసారిగా గుండెకి చేరుతుంది.

నడక మొదలుపెట్టకముందే ఒక కుర్రాణ్ణి సిగ్నల్ ఉన్న చోటుకి పంపండి. 108తో అతను చెప్పాల్సినవి నాలుగు: ఎలా తగిలింది, ఎక్కడ తగిలింది, ఇప్పుడెలా ఉన్నాడు, ఏం చేశాం. ఉదాహరణకి, "ఉదయం 9:40కి పేలుడు, ఎడమ కాలు మోకాలి కింద నుజ్జయింది, తెలివిలో ఉన్నాడు, మణికట్టు దగ్గర నాడి అందుతోంది, 9:44కి టోర్నికే కట్టాం, పన్నెండింటికి రోడ్డు మీదికి వస్తాం." ఇదే కాగితం మీద రాసి గాయపడ్డ మనిషి చొక్కాకి పిన్ను పెట్టండి. రోడ్డు దగ్గర ఫీడర్ బైకు (అంబులెన్సు బైకు) ఒక్కటే ఉంటే, పడుకోవాల్సిన మనిషిని అందులో కూర్చోబెట్టాలని తొందరపడకండి, పెద్ద బండి ఎక్కడ కలుస్తుందో కనుక్కోండి.

సంచి విషయం. ఒక్కో మనిషికి రెండు టోర్నికేలు, మందు గాజు ఒకటి, మామూలు చుట్ట గాజు ఒకటి, 6 అంగుళాల క్రేప్ బ్యాండేజీ, ఛాతీ సీళ్లు రెండు, ముక్కు ట్యూబు, గ్లవుసులు, కత్తెర, మార్కరు, రేకు దుప్పటి. టోర్నికే ప్లాస్టిక్ కవరు ముందే చింపి, మడిచి, ఎడమ చెయ్యికీ కుడి చెయ్యికీ అందే చోట పెట్టుకోవాలి. బృందంలో అందరిదీ ఒకే చోట ఉండాలి, చీకట్లో వెతుక్కునే పని లేకుండా. గాయపడ్డవాడి సంచిలోదే ముందు వాడాలి, మీది మీకు అవసరం పడొచ్చు. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా దొరికే నకళ్లకి కడ్డీ వంగిపోతుంది, కొనగానే ఒకటి మీ తొడకే బిగించి చూడండి. ఆ పరీక్షకి, శిక్షణకి వాడినదాన్ని రంగు పూసి వేరుగా పెట్టండి, డ్యూటీ సంచిలోకి మళ్లీ రానివ్వకండి. జీపు డ్యాష్‌బోర్డు మీద నెలల తరబడి ఎండకి వదిలేసినవి కూడా అంతే. ఏటా తొలకరికి ముందు గాజుల ఎక్స్‌పైరీ తేదీలు, అతుకు సీళ్ల జిగురు చూసుకుని పాతవి మార్చేయండి.